గుర్రానికి శూల వచ్చిన రాత్రి: మొదటి గంటలో ఏం చేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో గుర్రాల కడుపునొప్పిని గురించినవే ఎక్కువ. వాటిలో మొదటి ఉత్తరం చదివాక మిగిలిన విషయాలకు మనసు మళ్ళలేదు కనుక, ఈసారి శీర్షికనంతా దీనికే కేటాయిస్తున్నాను. మనం శూల అనీ, వైద్యులు కోలిక్ అనీ అనేది నిజానికి ఒక జబ్బు పేరు కాదు. కడుపులో ఎక్కడో నొప్పిగా ఉన్నదని గుర్రం తెలియజేసే తీరు అది. ఆ నొప్పికి కారణం పేగులో కాస్త గాలి నిలవడం కావచ్చు, మేత గట్టిపడి అడ్డుపడటం కావచ్చు, పేగు మెలిపడి దానికి రక్తం అందకపోవడమూ కావచ్చు. మొదటి అరగంటలో ఇవన్నీ కంటికి ఒకేలా కనిపిస్తాయి. పరీక్షించి చూడనిదే అనుభవమున్న వైద్యుడికి కూడా తేడా తెలియదు. యజమాని చేతిలో ఉన్న వైద్యమంతా త్వరగా గమనించడంలో, కొలవడంలో, ఆలస్యం చేయకుండా వైద్యుడికి తెలియజేయడంలోనే ఉంది.

ప్రశ్న: మా ఆరేళ్ళ ఆడగుర్రం ఈని 40 రోజులైంది. ఒక రాత్రి 9 గంటలకు దాణా సగంలో వదిలేసి ముందుకాలితో నేల గీరడం మొదలుపెట్టింది, మాటిమాటికీ డొక్కవైపు తిరిగి చూసుకున్నది. గేదెలకు ఉబ్బరం వచ్చినప్పుడు చేసినట్టే నూనె, కషాయం కలిపి తల పైకెత్తి సీసాతో తాపించాము. పడుకుంటే పేగు మెలిపడుతుందని పెద్దలు చెప్పడంతో ముగ్గురం వంతులు వేసుకుని తెల్లవారేదాకా నడిపించాము. 5 గంటలకు వైద్యుడికి ఫోను చేశాము. ఆయన వచ్చేసరికి అది నేలకు ఒరిగిపోయింది, గంటలోపే ప్రాణం విడిచింది. దాని పిల్ల ఇప్పుడు పోతపాల మీద బతుకుతున్నది. మేము తాపిన నూనె వల్లే తల్లి పోయిందా? మా దగ్గర ఇంకా రెండు గుర్రాలున్నాయి. మళ్ళీ ఇలాంటి రాత్రి వస్తే మొదట ఏం చేయాలి?

జవాబు: మిమ్మల్ని నిద్రపోనివ్వని మాటకు ముందుగా సమాధానం చెబుతాను. ఆ గుర్రాన్ని నేను పరీక్షించలేదు కనుక తేల్చి చెప్పలేను గాని, ఈనిన తరువాత మొదటి మూడు నెలల్లో ఉన్నట్టుండి మొదలై, గంటగంటకూ పెరిగి, ఒక్క రాత్రిలో ప్రాణం తీసిన శూల అంటే మొదట అనుమానించవలసింది పెద్దపేగు మెలిపడటాన్నే. గుర్రం పెద్దపేగు మూడు నాలుగు మీటర్ల పొడవుండి, మడతలు పడి, చాలాభాగం కడుపు గోడకు అతుక్కోకుండా వదులుగా ఉంటుంది. అందులో గాలి నిండినప్పుడు అది పైకి తేలి, తన చుట్టూ తానే తిరిగిపోగలదు. అలా తిరిగిన పేగును శస్త్రచికిత్సతో తప్ప ఏ మందుతోనూ వెనక్కు తిప్పలేము, అదైనా కొద్ది గంటలలోపే జరగాలి. కనుక మీరు తాపిన నూనె మెలికను తెచ్చిపెట్టలేదు. అయితే నిజం దాచి మిమ్మల్ని ఊరడించడం నాకు ఇష్టం లేదు. 9 గంటలకు చేయవలసిన ఫోను 5 గంటలకు చేశారు. దానికి బతికే అవకాశం ఏమైనా ఉండి ఉంటే అది ఆ 8 గంటలలోనే, అందులోనూ మొదటి రెండు మూడు గంటలలోనే ఉండేది. ఈమధ్యనే ఈనిన గుర్రం నేల గీరితే పావుగంట కూడా వేచి చూడవద్దు.

గేదెకు పనికివచ్చిన ఉపాయం గుర్రానికి ఎందుకు చేటు చేస్తుందో మీ ఇంటిలో అందరికీ చెప్పండి, ఎందుకంటే పశువులున్న ఇళ్ళలో పొరపాటు సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది. నెమరువేసే పశువు పొట్టలో చేరిన గాలిని తేన్పుగా వదలగలదు, మేతను తిరిగి నోటిలోకి తెచ్చుకోగలదు. గుర్రానికి ఆ దారి లేదు. ఆహారనాళం జీర్ణాశయంలో కలిసే చోట ఉన్న కండరం ఎంత బిగువుగా ఉంటుందంటే, ఒకసారి లోపలికి దిగినది మళ్ళీ పైకి రాదు. గుర్రం వాంతి చేసుకోలేదు. అంత పెద్ద శరీరానికీ జీర్ణాశయం పట్టేది 8 నుంచి 15 లీటర్లే. ముందున్న పేగు ఎక్కడో మూసుకుపోతే లోపల ఊరే ద్రవాలు వెనక్కు తన్ని ఆ చిన్న సంచిని నింపేస్తాయి, చివరకు అది పగిలిపోతుంది. పగిలిన తరువాత ఏ వైద్యుడూ చేయగలిగింది లేదు. అప్పటికే నిండి ఉన్న ఆ సంచిలోకి మనం మరో సీసా పోస్తే ఏమవుతుందో మీరే ఊహించగలరు.

రెండో ప్రమాదం ఊపిరితిత్తులకు. నొప్పితో సతమతమవుతున్న గుర్రం సరిగా మింగదు. తల పైకెత్తి పట్టి పోసిన నూనె, గొంతులో పెద్దగా దగ్గు పుట్టించకుండానే, శ్వాసనాళంలోకి జారిపోతుంది. శూల నుంచి తేరుకున్న గుర్రం రెండు మూడు రోజుల తరువాత న్యుమోనియాతో పోవడం నేను చూశాను. మరి వైద్యులు నూనె వాడరా అని మీరు అడగవచ్చు. వాడతారు, కాని ముక్కులోంచి గొట్టాన్ని జీర్ణాశయం దాకా దించి, అక్కడ ద్రవం నిలవ లేదని నిర్ధారించుకున్న తరువాతే ఆ గొట్టం గుండా పోస్తారు. ఆ గొట్టం దించే పని ఎవరూ ఇంట్లో ప్రయత్నించకూడదు.

ఇక నడిపించడం. తెల్లవార్లూ నడిపించినంత మాత్రాన మెలిక విడిపోదు, గుర్రం ఒంట్లో ఉన్న కాస్త సత్తువా పోతుంది. ప్రశాంతంగా పడుకున్న గుర్రాన్ని పడుకోనివ్వండి. పొర్లడం వల్లే పేగు మెలిపడుతుందన్న భయం పెద్దల నుంచి వచ్చింది గాని, సాధారణంగా జరిగేది దానికి తలకిందులు: లోపల మెలిపడిన నొప్పి భరించలేకే గుర్రం పొర్లుతుంది. పొర్లేటప్పుడు అది గోడకో తొట్టికో తగిలి గాయపడుతుంది, పక్కనున్న మనిషిని నలిపేస్తుంది. అందువల్ల 10, 15 నిమిషాలు నెమ్మదిగా నడిపిస్తే ధ్యాస మళ్ళి కుదుటపడే గుర్రాన్ని నడిపించవచ్చు. నడుస్తూ నడుస్తూనే మోకాళ్ళు మడిచి కూలబడిపోతున్న గుర్రాన్ని మాత్రం మెత్తని ఖాళీ నేల మీదకు చేర్చి దూరంగా నిలబడాలి. ఎంత నెమ్మదైన గుర్రమైనా సరే, దానికీ గోడకూ మధ్య మనిషి ఉండకూడదు.

ఇలాంటి రాత్రి మళ్ళీ రాకూడదనే కోరుకుందాం. వస్తే మొదటి పని ఫోను. నొప్పి చిన్నదిగా కనిపించినా వైద్యుడికి చెప్పి ఉంచితే, తగ్గిపోయినప్పుడు రావద్దని మరో మాట చెప్పడం ఎంతసేపు? ఆ వెంటనే దాణా, ఎండుగడ్డి, గుర్రం నోటికి అందే పడకగడ్డితో సహా మేతనంతా తీసివేయండి. నీళ్ళు తీసివేయనక్కరలేదు, కొద్దికొద్దిగా తాగనివ్వవచ్చు. కాని ముక్కు నుంచి మేత కలిసిన ద్రవం కారుతుంటే నీళ్ళు కూడా ఆపి, ఆ సంగతి వైద్యుడికి అన్నిటికంటే ముందు చెప్పాలి. శాలలో ఉన్న లద్దెను ఊడ్చి పారేయకండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు పదిసార్లు అటూ ఇటూగా లద్దె వేస్తుంది. ఎంత ఉన్నదో, ఎండిపోయి గట్టిగా ఉన్నదో, పైన జిగురు పట్టి ఉన్నదో చూసి ఒక పక్కకు తీసి ఉంచితే, ఆ తరువాత కొత్తగా వేసిందీ లేనిదీ తెలుస్తుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, చివరిసారి ఎప్పుడు తిన్నది, మేత ఏమైనా మార్చారా, చూలుతో ఉన్నదా, ఈని ఎన్నాళ్ళయింది, నట్టల మందు ఎప్పుడు వేశారు, ఇంతకుముందు శూల వచ్చిందా అన్నవి ఒక కాగితం మీద రాసి ఉంచండి. కంగారులో నోటికి రావలసిన మాట రాదు. గుర్రాన్ని ఎక్కించే వాహనం కావలసివస్తే ఎవరిని అడగాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి, రాత్రి రెండు గంటలకు వెతుక్కునే పని అది కాదు.

ప్రశ్న: మా గుర్రానికి శూల వచ్చినప్పుడు వైద్యుడు ఫోనులో గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో, చిగుళ్ళు ఏ రంగులో ఉన్నాయో అడిగారు. నేను ఏమీ చెప్పలేకపోయాను. వీటిని మామూలు మనిషి చూడగలడా?

జవాబు: తప్పకుండా చూడగలరు, అయితే నేర్చుకోవలసింది గుర్రం ఆరోగ్యంగా ఉన్న రోజున. విశ్రాంతిగా నిలబడ్డ పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, శ్వాస 8 నుంచి 16 సార్లు ఆడుతుంది, శరీర ఉష్ణోగ్రత దాదాపు 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మీ గుర్రం లెక్క ఈ హద్దుల మధ్య ఎక్కడ నిలుస్తుందో నాలుగైదు రోజులు వరుసగా చూసి రాసుకుంటే, ఆపద రోజున ఆ అంకె మీకు ఎంతో చెబుతుంది.

నాడిని దవడ కింద చూడాలి. కింది దవడ ఎముక అంచు వెంట వేళ్ళను నెమ్మదిగా జరుపుతూ పోతే, పెన్సిలు పుల్ల కంటే సన్ననిది ఒకటి వేళ్ళ కింద అటూ ఇటూ జారుతుంది. దాన్ని మూడు వేళ్ళతో ఎముకకు మృదువుగా అదిమి పట్టుకుంటే కొట్టుకోవడం తెలుస్తుంది. బొటనవేలు వాడవద్దు, దాని నాడి మీకే వినిపిస్తుంది. స్టెతస్కోపు ఉంటే ఎడమ ముందుకాలి మోచేతి వెనుక ఆనించి వినవచ్చు. అక్కడ వినబడే రెండు చప్పుళ్ళు కలిపి ఒక్క దెబ్బగా లెక్కించాలి. ఈ సంగతి తెలియక రెట్టింపు చెప్పి వైద్యుణ్ణి హడలగొట్టిన వారున్నారు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నొప్పి వల్ల గుండె వేగం కొంత పెరగడం సహజమే, 50 దాకా వెళ్ళవచ్చు. 60 దాటి అక్కడే నిలిచిందంటే విషయం తీవ్రమైనదని అర్థం. 80 దాటితే ప్రాణాపాయం కింద లెక్క.

చిగుళ్ళను చూడటానికి పై పెదవిని కొద్దిగా ఎత్తితే చాలు. ఆరోగ్యమైన చిగురు లేత గులాబి రంగులో తడిగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు తిరిగి రంగు తేలుతుంది. చిగురు ఎండి జిగటగా తగిలితే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. ఇటుకరాయి ఎరుపు నుంచి ఊదారంగుకు తిరిగినా, పళ్ళ అంచు వెంట ముదురు గీత కనిపించినా పేగులోని విషాలు రక్తంలోకి చేరుతున్నాయని భావించాలి.

పేగుల చప్పుడు వినడం ఒక చక్కని అలవాటు. డొక్క పైభాగంలో ఒకచోట, కిందిభాగంలో ఒకచోట, ఇలా రెండు పక్కలా నాలుగు చోట్ల చెవి ఆనించి ఒక్కో చోట కనీసం ఒక నిమిషం వినండి. కుడి డొక్క పైన, నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి, ఖాళీ గొట్టంలో నీళ్ళు దిగినట్టు ఒక పొడవైన గలగల పైనుంచి కిందికి సాగుతుంది. అది అంధనాళం, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచి, తన పని తాను చేసుకుంటున్న చప్పుడు. ఒకసారి విన్నవారు దాన్ని మరచిపోరు. నాలుగు చోట్లా నిశ్శబ్దంగా ఉంటే అది చాలా చెడ్డ సూచన. అతిగా గడబిడగా వినిపిస్తే పేగు పట్టేయడం వల్ల వచ్చిన నొప్పి కావచ్చు, అది సాధారణంగా త్వరగా తగ్గేదే.

ప్రశ్న: మాకు తెలిసినవారు నొప్పి తగ్గించే ఫ్లూనిక్సిన్ సూదిమందు సీసా ఒకటి ఇంట్లో ఉంచుకుని, శూల వచ్చినప్పుడల్లా మెడ కండలో పొడిచేస్తారు. గంటలో గుర్రం మామూలవుతుందని అంటారు. మేమూ ఉంచుకోవచ్చా?

జవాబు: మందు మంచిదే, నేనూ వాడతాను. సాధారణ మోతాదు కిలో బరువుకు 1.1 మిల్లీగ్రాములు, అది రక్తనాళంలోకి గాని, నోటి ద్వారా ఇచ్చే పేస్టు రూపంలో గాని ఇవ్వవలసినది. మీ స్నేహితులు చేస్తున్నట్టు మెడ కండలో పొడవడం గుర్రాలలో ప్రమాదకరం. కండ దెబ్బతిన్న చోట గాలి సోకని చోట పెరిగే క్లాస్ట్రిడియం క్రిములు విజృంభించి, ఒకటి రెండు రోజుల్లో మెడంతా వాచి, చర్మం కింద గాలి బుడగలు చిటపటలాడుతూ కుళ్ళిపోతుంది. శూల నుంచి బయటపడిన గుర్రం సూది వల్ల చనిపోవడం కంటే బాధాకరమైనది లేదు. రక్తనాళంలోకి మీరే ఇవ్వబోతే, పొరపాటున సూది పక్కనున్న ధమనిలో పడితే గుర్రం అక్కడికక్కడే మూర్ఛతో పడిపోతుంది.

మందు సరిగా ఇచ్చినా, ఎప్పుడు ఇచ్చామన్నది ముఖ్యం. అది నొప్పిని కప్పుతుంది గాని మెలిపడిన పేగును తిప్పదు. వైద్యుడికి నొప్పి తీవ్రత ఒక ఆనవాలు. ముందే మందు వేస్తే ఆ ఆనవాలు చెరిగిపోయి నాలుగైదు గంటలు వృథా అవుతాయి. వైద్యుడు ఫోనులో గుర్రం స్థితి విని, పేస్టు వేయమని చెబితే వేయండి. వేసిన వేళ, మోతాదు రాసిపెట్టండి. 12 గంటలలోపు మళ్ళీ వేయవద్దు, మూత్రపిండాలు, జీర్ణాశయం దెబ్బతింటాయి. పైగా, పూర్తి మోతాదు పడ్డాక కూడా నొప్పి ఆగలేదన్నా, రెండు మూడు గంటలకే తిరగబెట్టిందన్నా అదే పెద్ద హెచ్చరిక.

ఇక్కడ నాకు జరిగిన ఒకటి చెప్పాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, సాయంత్రమంతా నేలకు తల బాదుకుంటూ పొర్లిన ఒక గుర్రం దగ్గరికి రాత్రి పది గంటలకు వెళ్ళాను. నేను వెళ్ళేసరికి అది లేచి కదలకుండా నిలబడి ఉన్నది. ఇంటివారు మందు పనిచేసిందని సంతోషంగా ఎదురువచ్చారు. దగ్గరకు వెళ్ళి చేయి వేస్తే ఒళ్ళంతా చల్లని చెమట, చెవులు మంచుముక్కల్లా ఉన్నాయి, ముందు కాళ్ళ పైకండలు సన్నగా వణుకుతున్నాయి. పెదవి ఎత్తితే చిగుళ్ళు ఊదారంగు. గుండె 100 దాటింది. జీర్ణాశయం పగిలినప్పుడు లోపలి ఒత్తిడి దిగిపోయి నొప్పి ఒక్కసారిగా ఆగుతుందని పుస్తకంలో చదివాను గాని, ఆ నిశ్శబ్దాన్ని అప్పుడే చూశాను. ఆ రోజు నుంచి నొప్పి తగ్గిందని ఎవరు చెప్పినా, గుండె ఎంత అని అడగకుండా ఫోను పెట్టలేదు. నొప్పి నిజంగా తగ్గిన గుర్రం గుండె వేగం తగ్గుతుంది, చెవులు కదుపుతుంది, మేత కోసం చూస్తుంది, కాసేపటికి లద్దె వేస్తుంది. మీరు చూడవలసినవి అవి.

ప్రశ్న: పేగులో మేత గట్టిపడి అడ్డుపడిందని చెప్పి వైద్యుడు మా గుర్రానికి రెండు రోజులుగా ముక్కు గొట్టం ద్వారా నీళ్ళు పోస్తున్నారు. నిన్న తోక కింద నూనె కారింది, కాని లద్దె రాలేదు. మేత పెట్టనివ్వడం లేదు. గుర్రం ఆకలితో గోడ నాకుతున్నది. కాస్త గడ్డి వేస్తే తప్పా?

జవాబు: తప్పే, దయచేసి వేయకండి. పెద్దపేగు వెడల్పుగా వచ్చి కటి దగ్గర ఉన్నట్టుండి సన్నబడి వెనక్కు తిరుగుతుంది. మేత చాలావరకు ఆ మలుపులోనే బిగుస్తుంది. అక్కడ గట్టిపడిన ముద్ద లోపలిదాకా నాని మెత్తబడితే తప్ప కదలదు. వైద్యుడు దఫాకు 6 నుంచి 8 లీటర్ల నీటిని, ఉప్పులు కలిపి, కొన్ని గంటలకోసారి పోస్తున్నది అందుకే. అది రెండు మూడు రోజులు పట్టడం అరుదు కాదు. నూనె కనిపించడం దారి పూర్తిగా మూసుకుపోలేదని చెబుతుంది, కాని నూనె ముద్ద పక్కనుంచి జారి రాగలదు కనుక ముద్ద కదిలిందని చెప్పదు. ఇప్పుడు వేసిన ప్రతి గుప్పెడూ ఆ ముద్ద వెనుక చేరి దాన్ని పెంచుతుంది. గోడ నాకుతున్నదంటే ఆకలి ఉన్నది, ఆకలి ఉండటం మంచి సంకేతం. వైద్యుడు అనుమతిస్తే నోటికి బుట్ట కట్టి, రోజుకు నాలుగైదుసార్లు కొద్దిసేపు చేత్తో పట్టి నడిపించండి. లద్దె బాగా పడటం మొదలయ్యాక కూడా, మొదటి రోజు గుప్పెడు గుప్పెడు తడిపిన మెత్తని గడ్డే. దాణా మరికొన్ని రోజుల వరకు వద్దు.

ప్రశ్న: మా గుర్రానికి 19 ఏళ్ళు. శూలతో పడిపోయినప్పుడు వైద్యుడు పరీక్షించి, ఆపరేషను చేయిస్తారా లేక బాధ లేకుండా పంపించమంటారా అని అడిగారు. ఇంట్లో ఎవరం తేల్చుకోలేక రెండు గంటలు గడిపాము. చివరకు తీసుకువెళ్తే ఆలస్యమైపోయిందన్నారు. ఆ వయసులో అసలు ఆపరేషను తగినదేనా?

జవాబు: మీరు తేల్చుకోలేకపోవడం తప్పు కాదు. అంత పెద్ద నిర్ణయం అంత తక్కువ సమయంలో ఎవరికైనా కష్టమే, అందుకే దాన్ని ముందుగానే తీసుకుని ఉంచమని నేను ప్రతి యజమానినీ బతిమాలుతుంటాను.

శూల వచ్చిన గుర్రాలలో ఎక్కువ భాగం మందులతో, ద్రవాలతో కోలుకుంటాయి. కొద్ది భాగానికే ఆపరేషను అవసరమవుతుంది. ముసలి గుర్రాలలో ఒక ప్రత్యేకమైన కారణం ఉంటుంది. పేగులను పట్టి ఉంచే పొర మీద కొవ్వుగడ్డ పెరిగి, సన్నని తాడులాంటి కాడతో వేలాడుతూ, ఒక రోజు చిన్నపేగు చుట్టూ ఉరిలా బిగుసుకుంటుంది. లావుగా ఉన్న గుర్రాలకే వస్తుందనుకోకండి, సన్నని వాటికీ వస్తుంది. బయటి నుంచి ఎవరూ కనిపెట్టలేరు, మేతలో మీరు చేసిన లోపం ఏదీ దానికి కారణం కాదు. ముక్కు గొట్టం వేసినప్పుడు రెండు లీటర్లకు మించి ద్రవం వెనక్కు రావడం, పురీషనాళం ద్వారా చేయి పెట్టి చూసినప్పుడు ఉబ్బిన చిన్నపేగు మడతలు తగలడం, కడుపులోంచి తీసిన ద్రవం లేత పసుపుకు బదులు ఎర్రగా మసకగా ఉండటం, మందుకు లొంగని నొప్పి, ఇవన్నీ కలిసి వచ్చినప్పుడు వైద్యుడు ఆ ప్రశ్న అడుగుతాడు.

వయసు ఒక్కటే అడ్డంకి కాదన్నది నా అభిప్రాయం. గుండె, కాళ్ళు గట్టిగా ఉన్న 19 ఏళ్ళ గుర్రం, తొందరగా చేరితే, ఆపరేషను తట్టుకోగలదు. కాని ఆ తరువాత ఏముంటుందో కూడా మీకు తెలిసి ఉండాలి. మొదటి రోజులు వైద్యశాలలో గడుస్తాయి, ఆ పైన నెల రోజులకు పైగా శాలలోనే ఉంచి చేత్తో పట్టి నడిపించాలి, ఇంకొక నెల చిన్న ఆవరణలో తిప్పాలి. పనిలోకి రావడానికి మూడు నెలలైనా పడుతుంది. పేగు స్తంభించడం, కుట్టు చీముపట్టడం, డెక్కలలో వాపు వచ్చి నిలబడలేకపోవడం వంటివి మధ్యలో ఎదురుకావచ్చు. ఆ బరువు మోయలేని కుటుంబం, లేదా ఇతర జబ్బులతో ఇప్పటికే బాధపడుతున్న గుర్రం ఉన్నప్పుడు, నొప్పి పెరగకముందే నిద్రపుచ్చమని కోరడం కూడా దాని పట్ల ప్రేమతో చేసే పనే. ఏ దారి ఎంచుకున్నా ఆలస్యం మాత్రం గుర్రానికి నొప్పినే మిగులుస్తుంది. మీరు ఊరిలో లేనప్పుడు ఆ నిర్ణయం ఎవరు చెప్పాలో కూడా రాసి వైద్యుడి దగ్గర ఉంచండి.

ప్రశ్న: శూల రాకుండా చూసుకోవడానికి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? మా గుర్రం ఇసుకనేల మీద మేస్తుంది, దానివల్ల ప్రమాదం ఉన్నదా?

జవాబు: పూర్తిగా రాకుండా ఆపే మార్గం లేదు గాని, తగ్గించే మార్గాలు తెలిసినవే. గుర్రం పేగు రోజంతా కొద్దికొద్దిగా పీచుమేత అందుతూ ఉండటానికి ఏర్పడింది. తేమ పోగా చూస్తే శరీర బరువులో 1.5 శాతమైనా గడ్డి రూపంలో రోజూ అందాలి. 400 కిలోల గుర్రానికి అది 6 కిలోలు. దాణా పూటకు 2 కిలోలు మించనివ్వకండి, ఎక్కువ కావలసివస్తే పూటలు పెంచండి. కొత్త గడ్డికైనా కొత్త దాణాకైనా 10 నుంచి 14 రోజులలో మెల్లగా మార్చండి. నీరు రోజుకు 25 నుంచి 50 లీటర్లు తాగుతుంది. చలిలో తాగడం తగ్గిస్తుంది, మేత గట్టిపడే కేసులు అప్పుడు పెరుగుతాయి, గోరువెచ్చని నీరు పెడితే ఎక్కువ తాగుతుంది. రోజూ తిరిగే గుర్రం గాయంతో ఉన్నట్టుండి శాలలో కట్టేయబడితే దాణా సగానికి సగం తగ్గించాలి. పళ్ళను ఏడాదికోసారి చూపించండి, సరిగా నమలని గడ్డి సరిగా కదలదు. నట్టల మందు లద్దె పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన ప్రకారం వేయండి. పేగులో పెద్ద ఏలికపాములు నిండుగా ఉన్న గుర్రప్పిల్లకు బలమైన మందు ఒకేసారి వేస్తే అన్నీ ఒక్కసారిగా చచ్చి పేగును మూసివేయగలవు. పశువుల మీద గోమార్లకు చల్లే అమిట్రాజ్ మందును గుర్రం మీద ఎన్నడూ చల్లవద్దు, అది పేగు కదలికను ఆపి మేతను గట్టిపరుస్తుంది.

ఇసుకనేల ప్రమాదం నిజమే. పొట్టిగడ్డిని వేళ్ళతో సహా లాగి తినే గుర్రం ప్రతి పూటా కొంత ఇసుక మింగుతుంది, అది పెద్దపేగు అడుగున పేరుకుని లోపలి పొరను గీస్తూ, బరువెక్కి, చివరకు అడ్డుపడుతుంది. గడ్డిని నేల మీద వేయకుండా తొట్టిలోనో, కింద మందపాటి రబ్బరు పరచో పెట్టండి. మేతకు వదిలే ముందు కాస్త ఎండుగడ్డి తిననిస్తే నేల గీకి తినడం తగ్గుతుంది. లోపల ఇసుక ఉన్నదేమో ఇంట్లోనే చూడవచ్చు. నేలకు తగలని లద్దె ఉండలు ఆరు తీసుకుని, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో వేసి, నీళ్ళు పోసి బాగా చిదిపి, ఒక మూల కిందికి వచ్చేలా వేలాడదీయండి. పావుగంట తరువాత ఆ మూలను వేళ్ళతో నలిపి చూస్తే ఇసుక గరగరలాడుతుంది. ఒక చెంచాకు మించి దిగితే ఆ సంచిని అలాగే వైద్యుడికి చూపించండి. ఒక రోజు ఏమీ కనిపించలేదని ఊరుకోకండి, ఇసుక లద్దెలో రోజూ సమానంగా బయటపడదు కనుక వరుసగా నాలుగైదు రోజులు చూడాలి.